మెకంజీ సంగ్రహము: విశ్వాసమే పునాది

విద్వత్కృషి ఏకాకివలన సాగదు. పలువురు తామెరిగినది పంచుకొనుటకు పరస్పర విశ్వాసము వలయును. అట్టి విశ్వాసము ఎట్లు నెలకొనునో, ఎచ్చట భగ్నమగునో తెలుపుటకు కల్నల్ కాలిన్ మెకంజీ సంగ్రహ చరిత్రయే నిదర్శనము.

సర్వే యన్నచో పన్ను హెచ్చునని గ్రామస్థులు జంకుట సహజము. మెకంజీకి దేశభాషలు తెలియవు. ఈ రెండు చిక్కులను తీర్చినవారు ఏలూరి కావలి సోదరులు. 1796లో మెకంజీ కొలువున చేరిన కావలి వెంకట బొర్రయ్య శాసనములను, గ్రామచరిత్రలను సేకరించు పద్ధతిని ఏర్పరచెను. సహాయకులు ఊరూర తిరిగి, కరణముల దండకవిలెలు పరిశీలించి, ఎచ్చట ఏమి లభించినదో మెకంజీకి వ్రాసి పంపుచుండిరి. 1803లో బొర్రయ్య మరణింపగా సోదరుడు లక్ష్మయ్య ఆ భారము వహించెను. భారతీయ విజ్ఞానమున తన ప్రవేశమునకు బొర్రయ్య పరిచయమే తొలిమెట్టని మెకంజీ 1817 నాటి లేఖలో ఒప్పుకొనెను.

1821లో కలకత్తా సమీపమున మెకంజీ గతించెను. 1828లో విల్సన్ ఈ నగరముననే సంగ్రహసూచిని ప్రకటించెను. పిమ్మట లక్ష్మయ్య సేకరణను కొనసాగింప సంకల్పించి ఏషియాటిక్ సొసైటీని ఆశ్రయించెను. 1784లో స్థాపితమైన ఆ సంస్థ భారతీయులను సభ్యులుగా చేర్చుకొన్నది 1829లోనే. అట్టి మహాకార్యమునకు దేశీయుడు చాలడని జేమ్స్ ప్రిన్సెప్ 1830 దశకమున అభిప్రాయపడెను. ప్రార్థన నిష్ఫలమయ్యెను.

కైఫీయతులను పరిశోధించువారు దీనినుండి రెండంశములు గ్రహింపదగును. విషయము లభించిన తావును, ఇచ్చినవాని పేరును పదిలపరచినచోటనే విశ్వాసము నిలుచును. శ్రమించినవానికి నిర్వహణలో పాలు లేనిచో, సహకారము ఆదరించిన వ్యక్తితోడనే అంతరించును.