మాల్ట్ విస్కీ కొలువు: ముక్కుకు పని చెప్పండి

బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ, కెమికల్ ఇంజినీరింగ్ చదివి ఫార్మా కంపెనీల వైపే చూస్తున్నవారికి మరో దారి ఉంది. అది మాల్ట్ విస్కీ డిస్టిలరీ. బెంగళూరులో అమృత్, గోవాలో పాల్ జాన్ తయారవుతున్నాయి. మందు కంపెనీ అనగానే తాగుడు అలవాటవుతుందేమోనని ఇంట్లో పెద్దలు భయపడతారు. కానీ నాణ్యత పరీక్షలో ఎక్కువ పని ముక్కుదే. శాంపిల్‌లో నీళ్లు కలిపి ఆల్కహాల్‌ను 20 శాతం దగ్గరికి దించి, వాసన చూసి రాసుకుంటారు. అందుకే డ్యూటీకి సెంటు పూసుకుని వెళ్లకండి.

ఇంటర్వ్యూకి ముందు తయారీ క్రమం నోటికి రావాలి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, మర ఆడించి వేడినీళ్లలో కలిపితే గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీళ్లను ఈస్ట్ పులియబెడుతుంది. పులిసినదాన్ని రాగి బట్టీల్లో సాధారణంగా రెండుసార్లు కాస్తారు.

పనితనమంతా రెండో బట్టీ దగ్గరే. మొదటి ధార ఘాటు, చివరి ధార ముతక. నడిమి ధారే పీపాలకెక్కుతుంది. స్కాట్లండ్‌లో దీనికో పాత పరీక్ష ఉంది. మొదటి ధారలో నీళ్లు కలిపితే తెల్లగా మసకబారుతుంది. కలిపినా తేటగా ఉందంటే నడిమి ధార మొదలైనట్టే.

పులిసే తొట్లతో మాత్రం జాగ్రత్త. అక్కడ పుట్టే కార్బన్ డయాక్సైడ్‌ కంటికి కనిపించదు, గాలికన్నా బరువు. ఖాళీ చేసిన తొట్టి అడుగునా నిలిచి ప్రాణం తీస్తుంది. గ్యాస్ మీటరుతో కొలవకుండా, పర్మిట్ లేకుండా, బయట కాపలా మనిషి లేకుండా లోపలికి దిగొద్దు, సూపర్‌వైజర్ తొందరపెట్టినా సరే.

గోదాములో చేరితే లెక్క పక్కాగా ఉండాలి. స్కాచ్‌ను చట్టప్రకారం ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉంచాలి. అక్కడి చలిలో ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరు వేడికి ఆ నష్టం దానికి కొన్ని రెట్లు. పీపా పీపాకూ తరుగు రాయడం తెలిసినవారికి ఎక్సైజ్ తనిఖీ అంటే బెరుకుండదు.

అమ్మకాల్లోకి వెళ్తే లేబుల్ చదవడం నేర్చుకోండి. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో తయారైందని అర్థం, ఒకే పీపాలోదని కాదు. స్కాచ్ సీసా మీద 12 ఏళ్లని ఉంటే, అందులో కలిసినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు అది. పాతదే మేలని బొంకి అమ్మకండి.

చదువు కొనసాగించాలంటే లండన్ కేంద్రంగా ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిల్లింగ్ పరీక్షలున్నాయి. ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఉంది. అంత ఫీజు కట్టేముందు ఏదైనా డిస్టిలరీలో షిఫ్టు పని చేసి చూడండి. బట్టీ వేడి, రాత్రి డ్యూటీ మీకు సరిపడతాయో లేదో అక్కడే తేలిపోతుంది.