కాంచనబురి సమాధులు

థాయిలాండు దేశమున బాంకాకు నగరమునకు పడమరగా సుమారు 130 కిలోమీటర్ల దూరమున కాంచనబురి యను పట్టణము కలదు. ఈ పేరు సంస్కృతమునుండి పుట్టినది. కాంచనపురి యన్నచో తెలుగు బాలురకు అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పట్టణమున రైలు స్టేషనుకు చేరువలో పచ్చిక పరచిన విశాలమైన తోట యొకటి కనబడును. చెట్లనీడ, పూలపాదులు, చక్కగా కత్తిరించిన గడ్డి చూచి క్రొత్తవారు అది యొక ఉద్యానవనమని భ్రమపడుదురు. దగ్గరకు పోయినచో, మోకాలి యెత్తునకు మించని దిమ్మెలు వరుసలు వరుసలుగా, కొలత తప్పక నిలిచియుండును. ప్రతి దిమ్మెమీదను ఒక కంచు పలక యుండును. సైనికుని సంఖ్య, హోదా, పేరు, పటాలపు చిహ్నము, మరణించిన దినము, వయస్సు దానిపై చెక్కబడియుండును. ఆ వయస్సులలో పెక్కు ఇరువదికి ముప్పదికి నడుమనే యున్నవి.

ఇది రెండవ ప్రపంచ యుద్ధమున అసువులు బాసిన సైనికుల శ్మశానము. బ్రిటను, ఆస్ట్రేలియా మున్నగు కామన్వెల్తు దేశములవారు ఇచ్చట 5,000 మందికి పైగా ఉన్నారు. హాలెండు దేశమువారి సమాధులు 1,896. వీరిలో యుద్ధరంగమున తుపాకిదెబ్బ తిని పడినవారు దాదాపు లేరు. వీరు ఒక రైలుమార్గము వేయుచు మరణించినవారు.

1941 డిసెంబరులో జపాను సేనలు మలయాపై దండెత్తెను. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు లొంగిపోయెను. వేలకొలది సైనికులు ఒక్కనాటితో బందీలైరి. ఆ సంవత్సరమే బర్మాయు జపాను వశమయ్యెను. అయితే అచ్చటి సేనకు తిండి, మందుగుండు చేర్చుట యెట్లు? ఓడలు మలయా ద్వీపకల్పమును చుట్టి రంగూను చేరవలెను. ఆ త్రోవలో శత్రువుల జలాంతర్గాముల భయము మిక్కుటము. కావున థాయిలాండులోని బాన్ పాంగ్ నుండి బర్మాలోని థన్‌బ్యుజయాత్ వరకు సుమారు 415 కిలోమీటర్లు, కొండలు అడవులు చీల్చుకొని రైలుమార్గము వేయవలెనని జపాను నిశ్చయించెను. పూర్వము ఆంగ్లేయులు ఈ మార్గమును పరిశీలించి, కష్టసాధ్యమని విడిచిపెట్టియుండిరి. 1942లో పని ఆరంభమయ్యెను. రెండు కొసలనుండి సాగివచ్చిన పట్టాలు 1943 అక్టోబరు 17వ తేదీన కలిసికొనెను.

ఇంత త్వరగా పని ముగియుటకు కారణము యంత్రబలము కాదు. 60,000 మందికి పైగా యుద్ధఖైదీలును, అంతకు మూడురెట్లకు మించిన కూలీలును గడ్డపారలతో, సుత్తులతో, వెదురు తట్టలతో ఆ పని చేసిరి. కాన్యూ అను చోట కొండను నిలువునా కోయవలసివచ్చెను. సుమారు 75 మీటర్ల పొడవు, 25 మీటర్ల లోతు గల ఆ కోతను చేతి సుత్తులతోను, ఉలులతోను, మందుపాతరలతోను పండ్రెండు వారములలో ముగించిరి. రాత్రులు దివిటీల వెలుగున పని జరిగెను. ఎముకలు తేలిన దేహములు ఆ వెలుగున కదలాడుచుండగా చూచిన ఖైదీలు దానికి నరకాగ్ని కనుమ యని పేరు పెట్టిరి. ఆ పేరే నిలిచిపోయెను.

వారికి పెట్టిన తిండి కొలదిపాటి అన్నము, నీళ్ళవంటి కూర. పట్టు బియ్యము తినుటచే బెరిబెరి వచ్చెను. మలేరియా, రక్తవిరేచనములు ఎవరినీ విడువలేదు. వెదురు ముల్లు గీచుకొన్న చిన్న గాయము పదిదినములలో ఎముక కనబడు పుండయ్యెడిది. 1943 వానకాలమున కలరా పుట్టెను. ఒక్క నీకే శిబిరమున మరణించినవారు ఇంచుమించు 300 మంది. వారిలో పెక్కురు కలరా వాతబడినవారే. వారిని దహనముచేసిరి. వారి చితాభస్మమంతయు నేడు కాంచనబురిలో రెండు సమాధులలో ఉన్నది. పేర్లు మాత్రము మంటపమున వేర్వేరుగా చెక్కబడినవి.

ఖైదీలలో వైద్యులుండుట వారికి గొప్ప రక్షయయ్యెను. మందులు లేవు, పనిముట్లు లేవు. అయినను వెదురు ముక్కలతో సూదులు, గొట్టములు కల్పించి కలరా రోగులకు ఉప్పునీరు ఎక్కించిరి. ఎడ్వర్డు డన్‌లప్ అను ఆస్ట్రేలియా శస్త్రవైద్యుడు రోగులను పనికి పంపవలదని కావలివారితో వాదించి దెబ్బలు తినెను. అతడు 1993లో మరణించెను. అతని అస్థికలలో కొంతభాగమును మరుసటి యేడు ఆ నరకాగ్ని కనుమకే తెచ్చి కలిపిరి.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. నాలుగువందల కిలోమీటర్ల అడవిలో చెల్లాచెదరుగా పూడ్చిన వేలమంది పేర్లు ఎట్లు నిలిచినవి? సేనాధికారులు తమ బందీ జీవితమునందును లెక్క తప్పలేదు. ఎవడు, ఏ పటాలమువాడు, ఏనాడు, ఏ వ్యాధితో, ఎచ్చట పూడ్చబడెనో చిన్న చిన్న కాగితములపై వ్రాసిరి. కావలివారి కంట పడకుండ ఆ కాగితములను డబ్బాలలోను సీసాలలోను పెట్టి, కొన్నిటిని సమాధులలోనే దాచిరి. 1945లో యుద్ధము ముగిసిన వెంటనే కొందరు, విడుదలయైన ఖైదీలును అందులో చేరి, ఇంటికి పోవు ఓడను ఎక్కక, మరల ఆ రైలెక్కి అడవిలోనికి పోయిరి. వందకు పైగా శ్మశానస్థలములను, పదివేలకు మించిన సమాధులను గుర్తించిరి. అమెరికావారి అవశేషములు వారి దేశమునకు చేరినవి. తక్కినవారిని మూడు చోట్లకు చేర్చిరి: కాంచనబురి, దానికి సమీపమున నదియొడ్డుననున్న చుంకాయ్, బర్మాలోని థన్‌బ్యుజయాత్. చుంకాయ్ శ్మశానము ఖైదీలే తమ సహచరులకొరకు ఏర్పరచినది.

ఈ సమాధులను రక్షించు సంఘము 1917లో స్థాపింపబడెను. 1960లో దానికి కామన్వెల్తు యుద్ధ సమాధుల సంఘమని పేరు మారెను. సేనానికి, సిపాయికి ఒకే తీరు రాయి. జాతిమత భేదము లేదు. ప్రతి మృతునకు అతని పేరు దక్కవలెను అనునవి దాని నియమములు. నియమము గొప్పదే. కాని మొదటి యుద్ధానంతరము ఆఫ్రికాలోను మరికొన్ని చోట్లను వేలకొలది ఆఫ్రికా సైనికులకు, భారత సైనికులకు దానిని వర్తింపజేయలేదని ఆ సంఘమే 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. కాంచనబురి శ్మశాన ద్వారమంటపమున, థాయిలాండులోని ముస్లిము శ్మశానములలో పూడ్చబడి, సమాధుల రక్షణ సాధ్యము కాకపోయిన అవిభక్త భారత సైనికులు 11 మంది పేర్లు చెక్కబడియున్నవి.

ఇక కూలీల మాట. వీరు సైనికులు కారు. మలయా, జావా, బర్మా, థాయిలాండులనుండి వచ్చినవారు. మలయానుండి వచ్చినవారిలో ఎక్కువమంది రబ్బరుతోటల తమిళులు. వారితో తెలుగువారును ఉండిరి. విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి కంగాణీల వెంట కడలి దాటిపోయి, పేరా రాష్ట్రపు కొబ్బరితోటలలోను, రబ్బరుతోటలలోను స్థిరపడిన కుటుంబములవి. యుద్ధముతో తోటలలో పని ఆగిపోయెను, బియ్యము కరవయ్యెను. కూలియిత్తుము, తిండిపెట్టుదుము, కొన్నినెలలలో తిరిగిరావచ్చునని జపానువారు చెప్పగా మొదట కొందరు పోయిరి. పోయినవారు మరల రాకపోవుటచే తరువాత ఎవ్వరును కదలలేదు. అప్పుడు బలవంతముగా పట్టి, సరకుపెట్టెలలో నింపి పంపిరి. భార్యాబిడ్డలతో పోయినవారును ఉండిరి.

ఖైదీలకున్న కట్టుబాటుగాని, అధికారులుగాని, వైద్యులుగాని వీరికి లేరు. నీరు కాచి త్రాగుడని చెప్పువారు లేరు. కలరా వచ్చినప్పుడు శిబిరములు శిబిరములే తుడిచిపెట్టుకొనిపోయెను. 1943 మధ్యలో సింగపూరునుండి ఖైదీలగు వైద్యదళములను కూలీల శిబిరములకు పంపిరి గాని, అప్పటికే చేయి దాటిపోయెను. ఖైదీలలో మృతులు సుమారు 13,000. కూలీలలో 80,000 మొదలు లక్ష వరకు ఉందురని అంచనా. అంచనా యనియే చెప్పవలెను. ఏలనన, వారి పేర్లు వ్రాసి సీసాలో దాచినవాడు లేడు. తోటలలో మిగిలిన ఇల్లాండ్రకు మరణవార్త తెలుపు కాగితమొకటి రాలేదు. రైలు దిగి నడచివచ్చిన తోటివాడు చెప్పినదే కబురు. వాడును రానిచో అదియు లేదు.

1957లో క్వాయ్ నది వంతెన కథతో ఆంగ్ల చలనచిత్రము వెలువడి లోకప్రసిద్ధి చెందెను. దానిని తీసినది సింహళమున. అందు ఖైదీల కథయే గాని కూలీల ఊసు లేదు. నిజమైన వంతెనను చూడ నేడు వేలమంది కాంచనబురికి వచ్చుచున్నారు. ఆ వంతెనకు సమీపమున 1944లో జపాను సేనయే మృతులకొరకు కట్టిన స్మారకస్తంభమొకటి ఉన్నది. దానిపై తమిళమునను వ్రాతయున్నది. పని చేయించి చంపినవారే ఆ భాషను ముందుగా రాతికెక్కించిరి.

1990లో కాంచనబురి పట్టణమున ఒక పొలమును త్రవ్వుచుండగా వందలాది మానవకంకాళములు గుట్టగా బయటపడెను. అవి కూలీలవని నిర్ణయించిరి. యుద్ధ సమాధుల తోటకు చేరువలో నున్న బౌద్ధాలయ మొకదానిలో కూలీల అవశేషములపై కట్టిన గోపురమొకటి ఉన్నది. ఆ ఆలయమునందే 2023లో మలేసియా, థాయిలాండులలోని తమిళులు పూనుకొని తమవారి పద్ధతిలో వీరశిల నొకదానిని నిలిపిరి. మలేసియాలో ఆ కూలీల బిడ్డలు, మనుమలు నేటికిని అచ్చటికి పోయి పూలుంచి వచ్చుచున్నారు. ఆ శిలపై పేర్లు లేవు.