షుగరు ఫైల్లో మనసుకూ ఓ కాగితం

ఏమ్మా చెల్లీ, షుగరు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏమేం చెబుతావు? పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, కాళ్ల తిమ్మిర్లు ఎలా ఉన్నాయి, అంతేగా. పొద్దున మంచం దిగబుద్ధి కావడం లేదని, ఎవరైనా పలకరిస్తేనే కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయని ఎప్పుడైనా చెప్పావా? "అది కూడా డాక్టరుకు చెప్పుకునే సంగతేనా అక్కా" అంటావని తెలుసు. చెప్పుకోవాల్సిందే తల్లీ.

షుగరు లేనివాళ్లకంటే షుగరున్నవాళ్లలో డిప్రెషన్ దాదాపు రెండింతలు కనిపిస్తుంది. అటువైపు నుంచీ దారి ఉంది. ముందు డిప్రెషన్ వచ్చినవాళ్లకు తర్వాత షుగరు పట్టుకునే అవకాశం ఎక్కువ. దిగులు నెలల తరబడి తిష్ట వేస్తే చాలామందిలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అది కాలేయంలోంచి చక్కెరను రక్తంలోకి వదిలిస్తుంది, ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు, నడుం చుట్టూ కొవ్వు చేరుస్తుంది. ఆ పొట్ట కొవ్వు వాపును పెంచే రసాయనాలను వదులుతుంది. వాటి ప్రభావం మెదడు దాకా వెళుతుంది. అందుకే మన ఆడవాళ్లకు నడుం కొలత 80 సెంటీమీటర్లు దాటకూడదని చెప్పడం అందం కోసం కాదు.

ఇక నిద్ర పట్టదు. నిద్రలేని మర్నాడు నడకకు వెళ్లే ఓపిక ఎక్కడిది? మాత్ర వేసుకున్నామో లేదో గుర్తుండదు. షుగరు పెరుగుతుంది. "కాస్త నోరు కట్టుకోలేవూ" అని ఇంట్లో ఓ మాట పడుతుంది. నాకు కడుపు రగిలేది ఆ మాటకే. జబ్బు చేసే పనిని మనిషి బద్ధకమని అనేస్తారు, ఆమె కూడా నిజమే కాబోలు అనుకుని ఇంకా కుంగిపోతుంది.

ఈ రెండింటికీ కలిపి వైద్యం చేస్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశారు, అందులో మన విశాఖపట్నం కూడా ఉంది. విశాఖ, చెన్నై, ఢిల్లీ, బెంగళూరుల్లోని షుగరు క్లినిక్కుల్లో 404 మందితో చేసిన ఆ పరిశోధన 2020లో అచ్చయింది. అందరికీ షుగరూ ఉంది, డిప్రెషనూ ఉంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతావాళ్లకు అదనంగా ఒక మనిషిని పెట్టారు. డాక్టరు కాదు, తరచూ పలకరించి, మనసెలా ఉందో, మందులు వేసుకుంటున్నారో లేదో కనుక్కునే మనిషి. ఆమె రాసుకున్నవి నిపుణులు చూసి, మందులు మార్చాలేమో క్లినిక్ డాక్టరుకు చెప్పేవారు. రెండేళ్లకు డిప్రెషన్ లక్షణాలు సగానికి తగ్గి, దాంతోపాటు షుగరో బీపీయో కొలెస్ట్రాలో మెరుగుపడినవాళ్లు మామూలు వైద్యంలో 57 శాతం, ఇటువైపు 71 శాతం పైనే. చూడు, వేరే దేశం నుంచి కొత్త మందేమీ తేలేదు. అడిగే మనిషి ఉంది, అడిగినదాన్ని పట్టించుకునే డాక్టరు ఉన్నాడు.

నీకు అలాంటి మనిషి దొరక్కపోతే నువ్వే నోరు విప్పు. రెండు వారాలుగా చాలా రోజులు మనసు దిగులుగా ఉందా, దేనిమీదా ఆసక్తి లేదా? ఉంటే ఈసారి చీటీలో మొదట అదే రాసుకుని వెళ్లు. థైరాయిడ్ చూడమను. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బి12 కూడా చూడమను. ఆ మందుతో అది తగ్గొచ్చు, తగ్గితే నీరసమూ దిగులూ రెండూ రావొచ్చు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళితే షుగరుందని ముందే చెప్పు, కొన్ని మందులు బరువు పెంచుతాయి, చెబితే ఆయన వేరేది చూస్తాడు. బరువు పెరిగిందని నీ అంతట నువ్వు మాత్రం మానేయకు.

బతుకు మీదే విరక్తి కలిగిన రోజున అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మనసు బాగోలేనివాళ్లకు ఫోనులో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు.