పికప్ బండి షాక్ అబ్జార్బర్: పేరు ఎవరిది, పని ఎవరిది?

గత సంవత్సరం రంజాన్ సెలవులలో మా పూర్వ విద్యార్థి ఒకడు కళాశాలకు వచ్చి మమ్ములను కలుసుకున్నాడు. గల్ఫ్‌లో ఒక మోటారు మరమ్మతు షెడ్డులో ఏడేళ్లుగా పని చేస్తున్నాడు. కుశల ప్రశ్నలు అయిన తరువాత, కొంత సంకోచిస్తూనే ఒక సంగతి చెప్పినాడు. అమెరికా నుండి దిగుమతి అయిన ఒక పాత పికప్ బండి వెనుక షాక్ అబ్జార్బర్లు నూనె కారుతూ షెడ్డుకు వచ్చినవట. వాటి మీద ప్రసిద్ధమైన ఒక పేరు ఉన్నది. అదే పేరుతో బజారులో దొరికిన జతను తెచ్చి బిగించినాడు. రెండవ రోజుననే బండి యజమాని తిరిగి వచ్చి, ఖాళీ బండి గతుకుల మీద ఎగిరిపడుతున్నదనీ, పాతవి ఇట్లా లేవనీ తగవు పెట్టుకున్నాడు. చివరకు షెడ్డు యజమాని ఆ జత ఖరీదును ఇతని జీతంలో కోసుకున్నాడు.

"పేరు చూసి కొనండని తరగతిలో మీరే చెప్పినారు కదా సార్" అన్నాడు ఆ అబ్బాయి. అందులో నిష్ఠూరం లేదు. అయినా మా వద్ద వెంటనే జవాబు లేకపోయింది. ఆ మాట మేము చెప్పినది నిజమే. అది అర సత్యమని ఆ తరువాత కూర్చుని చదువుకున్నప్పుడు తెలిసింది. ఆనాడు అతనికి చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

మెకానిక్ షెడ్లలో 'షాకప్' అనీ 'షాకర్' అనీ పిలిచే ఈ పరికరం పేరులోనే ఒక పొరపాటు ఉన్నది. దెబ్బను మింగేది ఇది కాదు, స్ప్రింగు. చక్రం రాయి ఎక్కినప్పుడు కమాను కట్టలు వంగి ఆ దెబ్బను మింగుతాయి. అయితే మింగినదాన్ని అవి తిరిగి కక్కకుండా ఉండవు. అట్లా వదిలివేస్తే బండి రాయి దాటిన తరువాత కూడా ఊగుతూనే ఉంటుంది, చక్రం నేలను వదిలి ఎగురుతుంది. ఆ ఊపును అణచడమే షాక్ అబ్జార్బర్ పని. గొట్టం నిండా నూనె, అందులో కదిలే పిస్టన్, పిస్టన్‌లో సన్నని రంధ్రాలు, వాటిని మూసి తెరిచే పలుచని ఉక్కు బిళ్లలు. నూనె ఆ ఇరుకు దారిలో నుండి బలవంతంగా పోవలసి వచ్చినప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారుతుంది. తారు రోడ్డు మీద ఈ వేడి స్వల్పం. ఇసుక మీద, రాళ్ల మీద వేగంగా పోయే బండిలో మాత్రం షాక్ గొట్టం చేయి పెట్టలేనంతగా కాలుతుంది. వేడెక్కిన నూనె పలుచబడుతుంది. గాలి కలిసి నురుగు కట్టితే పిస్టన్‌కు అడ్డమన్నదే ఉండదు.

ఈ ఇబ్బందికి ఫ్రెంచి ఇంజనీరు ద కార్బన్ ఒక ఉపాయం కనిపెట్టినాడు. గొట్టంలో గొట్టం పెట్టే పాత పద్ధతికి బదులుగా ఒకే గొట్టం వాడి, దాని ఒక కొసన అధిక పీడనంతో వాయువును బంధించి, వాయువుకూ నూనెకూ మధ్య తేలియాడే పిస్టన్‌ను ఉంచినాడు. పీడనం కింద ఉన్న నూనె నురుగు కట్టదు. లోపలి వేడి నేరుగా బయటి గాలికి పోతుంది. ఈ పద్ధతిని 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లకు పెద్ద ఎత్తున చేసి ఇచ్చినది జర్మనీలోని ఎన్నెపెటాల్‌కు చెందిన బిల్‌స్టైన్ సంస్థ. 1873లో మొదలైన ఆ సంస్థ ఒకనాడు కిటికీల బిగింపు సామాను చేసి అమ్ముకున్నదంటే మన విద్యార్థులు నమ్మకపోవచ్చు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. అసలు, నకలు అనే రెండు మాటలూ మన తెలుగుకు ఉర్దూ దారిలో వచ్చి చేరినవే. అయితే ఈ విషయంలో ఆ రెండు మాటలూ చాలవు. అమెరికా పికప్ బండ్లకు కర్మాగారంలోనే బిగించి పంపే ఆఫ్‌రోడ్ షాక్‌లు నకలు సరకు కావు. అట్లని వాటి మీది పేరు ప్రతిసారీ చేసినవాని పేరూ కాదు.

కొన్ని సందర్భాలలో పేరూ పనీ ఒకరివే. ఫోర్డ్ కంపెనీ 2010 నమూనాగా తెచ్చిన ఎఫ్-150 రాప్టర్‌లోని ఫాక్స్ షాక్‌లు ఫాక్స్ సంస్థ చేసినవే. 2017 నమూనాలో వాటి వ్యాసం 2.5 అంగుళాల నుండి 3 అంగుళాలకు, 2021లో 3.1 అంగుళాలకు పెరిగింది. ఈ మధ్యలో, 2019 నమూనాలో, కవాటాలను విద్యుత్తు ద్వారా క్షణక్షణమూ సవరించే ఏర్పాటు కూడా చేరింది. ఇక్కడ పేరు నిజమే. అయినా ఫాక్స్ అనే పేరులోనే ఒక చిక్కు ఉన్నది. 1970వ దశకంలో కాలిఫోర్నియాలో జెఫ్ ఫాక్స్, బాబ్ ఫాక్స్ అనే సోదరులు మోటారు సైకిలు పందేల సామానుతో వ్యాపారం ఆరంభించినారు. షాక్‌ల పని బాబ్ చేతిలో పెరిగి ఫాక్స్ ఫ్యాక్టరీ అయింది. దుస్తులు, శిరస్త్రాణాల వ్యాపారం జెఫ్ చేతిలో పెరిగి ఫాక్స్ రేసింగ్ అయింది. రెండూ వేర్వేరు సంస్థలు. నక్క తల బొమ్మ ఉన్న చొక్కా తొడిగినవాడు తన బండి షాక్ కంపెనీ చొక్కానే తొడిగినానని అనుకుంటే పొరపాటు.

రాంచో సంగతి వేరు. షెవర్లే సిల్వరాడో జెడ్71 బండ్ల మీదా, కొన్నేళ్లపాటు ఫోర్డ్ సూపర్ డ్యూటీ ఎఫ్‌ఎక్స్‌4 బండ్ల మీదా ఈ పేరు కనిపించింది. రాంచో ఒకప్పుడు కాలిఫోర్నియాలో జీపుల సామాను అమ్మిన చిన్న సంస్థ. నేడది స్వతంత్ర కర్మాగారం కాదు, టెనెకో అనే మహాసంస్థ వాడుకొనే వాణిజ్య నామం. 1977లో మన్రో షాక్‌ల కంపెనీని కొన్నది ఈ టెనెకోయే. 2022లో ఆ టెనెకో కూడా అపోలో అనే పెట్టుబడి సంస్థ నిధుల అధీనంలోకి పోయింది. ఫోర్డ్ కరపత్రాలలో 'రాంచో బ్రాండెడ్' షాక్‌లు అని రాసేవారు. రాంచో చేసినవి అనక, రాంచో ముద్ర ఉన్నవి అనడం గమనించదగినది. అబద్ధమాడలేదు, పూర్తిగా చెప్పనూ లేదు. కరపత్రం రాసినవాని భాషా పాటవాన్ని మెచ్చుకోవలసిందే.

మూడవ తీరులో చేసినవాని పేరు అసలే కనిపించదు. ఫోర్డ్ ఎఫ్-150 ఎఫ్‌ఎక్స్‌4 ప్యాకేజీ వివరాలలో ఆఫ్‌రోడ్ దారులకు సవరించిన షాక్‌లు అని మాత్రమే ఉంటుంది. బండి పక్కన పెద్ద అక్షరాలతో అంటించిన ఎఫ్‌ఎక్స్‌4, జెడ్71, టీఆర్‌డీ అనే గుర్తులు బండి కంపెనీ తన సామాను మూటకు పెట్టుకున్న పేర్లు. ఆ మూటలో ఎవరి సరకు కట్టాలన్నది ఏ యేటికాయేడు కంపెనీ ఇష్టం. 1990లలో జెడ్71 గుర్తు కింద ఉన్నవి బిల్‌స్టైన్ షాక్‌లు. 2014 సిల్వరాడో నాటికి అదే గుర్తు కింద రాంచో వచ్చింది. టొయోటా టకోమా టీఆర్‌డీ ప్రో 2015 నమూనాలో బిల్‌స్టైన్ ఉండగా, 2017 నమూనాలో ఫాక్స్ వచ్చింది. అదే టకోమాలో టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ అనే మరో తరగతికి బిల్‌స్టైన్ కొనసాగింది. 2024లో వచ్చిన ట్రెయిల్‌హంటర్ తరగతికి ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ వారి ఓల్డ్ మ్యాన్ ఈమూ షాక్‌లు వాడినారు. ఒకే బండి పేరు, మూడు తరగతులు, మూడు ఖండాలలో పుట్టిన మూడు పేర్లు. గుర్తు చూసి విడిభాగం కొనబోయేవాడు ఇక్కడే దెబ్బ తింటాడు.

మా విద్యార్థి మోసపోయినది వీటిలో దేని వలన అనుకుంటున్నారు? నిజానికి దేని వలనా కాదు. అతడు తీసివేసిన షాక్, బిగించిన షాక్ రెండూ ఒకే సంస్థ చేసినవే అయి ఉండవచ్చు. ఈ పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే, కనుక కొంచెం నిలిచి చూద్దాము.

బిల్‌స్టైన్ సంగతే తీసుకుందాము. టకోమాకూ, 2015లో వచ్చిన రామ్ రెబెల్‌కూ, నిస్సాన్ ప్రో-4ఎక్స్ పికప్‌లకూ ఈ సంస్థ షాక్‌లు అందించింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు హామిల్టన్‌లో దానికి కర్మాగారం ఉన్నది. ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీలకు ఒకరే సరఫరాదారు కావడంలో వింత లేదు, ఒకే దర్జీ పదిమందికి బట్టలు కుట్టినట్లే. కాని కొలతలు ఎవరివి వారివే. బండి కంపెనీ ఇంజనీర్లు తమ బండి బరువు, స్ప్రింగు బిగువు, టైరు ఎత్తు, మోయవలసిన సరుకు చెప్పి, ఖరీదు ఇంతకు మించరాదని కూడా చెప్తారు. లోపలి ఉక్కు బిళ్లల మందం, వరుస, వాయు పీడనం ఆ లెక్కల ప్రకారం కుదురుతాయి. ఖాళీ బండిలో కూర్చున్న గృహిణికి నడుము నొప్పి రాకూడదన్నది కూడా ఆ లెక్కలలో ఒకటి. అదే సంస్థ బజారులో విడిగా అమ్మే షాక్‌లలో చాలా భాగం బండిని ఎత్తు చేయించుకొని, బరువైన సామాను బిగించుకొనే వారి కోసం చేసినవి. వాటి పొడవు, బిగువు వేరుగా ఉంటాయి. అవి చెడ్డవి కావు, చాలాసార్లు కర్మాగారపు షాక్ కన్నా ఖరీదైనవి, మన్నిక గలవి. కాని ఎత్తు పెంచని ఖాళీ బండికి బిగిస్తే, ఆ గల్ఫ్ పెద్దమనిషి చెప్పినట్లే, బండి ఎగిరిపడుతుంది.

తెరిచి బాగుచేయడంలోనూ తేడా ఉన్నది. రాప్టర్‌లోని ఫాక్స్ షాక్‌లను విప్పి నూనె, సీళ్లు మార్చి తిరిగి బిగించవచ్చు. మామూలు కర్మాగారపు షాక్‌లలో అధిక భాగం అంచు మడిచి మూసివేసినవి. కారిపోతే పారవేయడమే.

బండి కంపెనీ సరఫరాదారుని పేరును గొప్పగా చాటుకొనే సందర్భాలు కూడా లేకపోలేదు. 2017 షెవర్లే కొలరాడో జెడ్ఆర్2లో కెనడాకు చెందిన మల్టీమాటిక్ సంస్థ షాక్‌లు వాడినారు. వంగే ఉక్కు బిళ్లలకు బదులు జారే కవాటాలతో నూనెను అదుపు చేసే ఈ పద్ధతి అంతకు ముందు పందెపు కార్లకూ, కొన్ని అధిక వేగపు కార్లకూ పరిమితం. సామాన్యులలో ఎక్కువమంది ఆ పేరు వినలేదు. అయినా ఇంజనీర్ల వద్ద దానికి విలువ ఉన్నది కనుక షెవర్లే దాచలేదు.

మన దేశానికి వస్తే, అందరికీ తెలిసిన గేబ్రియల్ పేరు కూడా ఇట్లాంటిదే. 1907 ప్రాంతంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ ఫాస్టర్ అనే ఆయన ఊపును అణచే పరికరానికి ఆ పేరు పెట్టినాడు. అమెరికాలో ఆ పేరు పలు చేతులు మారింది. మన దేశంలో 1961లో నెలకొన్న గేబ్రియల్ ఇండియా ఆనంద్ గ్రూపు సంస్థ. పేరు ఒకటే అయినంత మాత్రాన అక్కడి షాక్, ఇక్కడి షాక్ ఒకే ఇంటివని అనుకోరాదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016 నుండి ఇసుజు పికప్ బండ్లు తయారవుతున్నవి. మన విద్యార్థులలో కొందరైనా అట్లాంటి కర్మాగారాల గడప తొక్కుతారు. అక్కడ ఏ విడిభాగాన్నీ పేరుతో అడగరు, సంఖ్యతోనే అడుగుతారు.

పేరు చూసి కొనండి అన్న మా పాత మాటను సవరించుకొని చెప్తున్నాము. ముందు పాత షాక్‌ను కిరసనాయిలుతో తుడిచి, దాని మీద చెక్కిన లేక అంటించిన సంఖ్యలన్నీ రాసుకొనండి. తరచుగా రెండు సంఖ్యలు ఉంటాయి. ఒకటి బండి కంపెనీది, రెండవది చేసినవానిది. టొయోటా సంఖ్య 48510తో మొదలైతే ముందు షాక్, 48531తో మొదలైతే వెనుక షాక్. బిల్‌స్టైన్ సొంత సంఖ్యలలో చాలా వాటికి మొదట 24 ఉండి, తరువాత చిన్న గీత ఉంటుంది. ఆ పైన పూర్తిగా ముడిచినప్పటి పొడవు, పూర్తిగా లాగినప్పటి పొడవు కొలవండి. కమాను కట్టలను ఎవరైనా మార్చినారా, బండిని ఎత్తు చేసినారా అని యజమానిని అడిగి, అతడు చెప్పినది బిల్లు మీద రాయించుకొనండి. తగవు వచ్చిననాడు ఆ కాగితమే సాక్ష్యం.

ఇదంతా మా విద్యార్థికి ఉత్తరం రాసి పంపినాము. నెల రోజులకు జవాబు వచ్చింది. కోసుకున్న జీతం తిరిగి రాలేదట. తీసివేసిన ఆ పాత షాక్ షెడ్డు మూలన ఇంకా పడి ఉంటే తుడిచి చూచినాడట. పెద్ద అక్షరాల పేరు కింద, గ్రీజు మట్టిలో, రెండు సంఖ్యలూ ఉన్నవని రాసినాడు.