పాత మోటారు సైకిలుకు కొత్త సైలెన్సరు

ముంచింగిపుట్టు సంతకు వచ్చు బండ్లలో ఇప్పటికిని అప్పుడప్పుడు ఒక పాత బుల్లెట్టో, జావాయో, రాజదూతో కనబడుచుండును. జీపు ఎక్కలేని ఊరిబాటలపై పసుపు బస్తాను, పిప్పలి మూటను, ఒక్కొక్కప్పుడు జ్వరపడిన మనిషిని కూడ మోయునవి ఇట్టి బండ్లే. కావున వాటి మరమ్మతు పంచాయతీ సభ్యులకు పరాయి విషయము కాదు. ఈ పాఠమున వాటి సైలెన్సరును గూర్చి మాత్రమే చెప్పుకొందము.

బుల్లెట్టు బండ్ల కొరకు మద్రాసులో కంపెనీ ఏర్పడినది 1955లో. జావా మైసూరునందును, రాజదూత్ ఉత్తర భారతమునందును 1960 దశకమున తయారు కాసాగినవి. మైసూరు కర్మాగారము 1996లో మూతపడినది. అందుచేత ఆనాటి బండ్లకు నేడు అంగడిలో దొరకునవి చాల వరకు ఇతరులు చేసిన మారు సైలెన్సర్లే. వాటిలో మంచివియు కలవు. పైకి తళతళలాడుచు లోపల ఉత్త రేకు గొట్టమైనవియు కలవు. కొనుటకు ముందు వెనుక కొస నుండి దీపము వేసి చూడవలెను. లోపల చిల్లుల గొట్టమో అడ్డుపలకలో లేక ఈ కొస నుండి ఆ కొసకు వెలుతురు సూటిగా కనబడినచో దానిని కొట్టువానికే వదలివేయుట మేలు.

చప్పుడు హెచ్చిన కొలది బలము హెచ్చునను భ్రమ మన యువకులలో గట్టిగా నాటుకొన్నది. జావా, రాజదూత్ వంటి రెండు స్ట్రోకుల ఇంజనులలో జరుగునది దీనికి వ్యతిరేకము. వాటిలో పొగ పోవు ద్వారము తెరచియున్న వేళనే కొత్త పెట్రోలు గాలి లోనికి వచ్చును. సైలెన్సరు నుండి మరలి వచ్చు ఒత్తిడి ఆ కొత్త గాలిని బయటికి పోనీయక వెనుకకు నెట్టును. లోపలి గొట్టమును పెరికివేసినచో కాలని పెట్రోలు పొగతో పాటు పోవును. ఎత్తునకు లాగు శక్తి తగ్గును. ఒకమారు పెదబయలు నుండి వచ్చుచు మేము ఇట్టి బండినే చూచితిమి. చప్పుడు కొండ అవతలికి వినబడుచున్నది. బండి మాత్రము ఎత్తు ఎక్కలేకున్నది. యజమాని దిగి దానిని తోయుచుండెను. వెనుక కూర్చుండి రావలసిన అతని కోడలు, ఒడలు కాలుచున్న జ్వరముతో, ప్రక్కన నడచుచుండెను. ఆమెను మా వాహనములో ఎక్కించుకొంటిమి. లోపలి గొట్టము ఇంటి అటక మీదనే ఉన్నదట!

ఇక బిగించు పద్ధతి. పాత బోల్టులు తుప్పుపట్టి ఉండును గనుక ముందటి రాత్రియే నూనె పోసి ఉంచవలెను. జావాకు ఇంజను వద్ద పెద్ద వలయపు నట్టు ఉండును. దానికి కొక్కెపు పానాయే వాడవలెను. ఉలితో కొట్టినచో మరలు చెడి సిలిండరుకే ముప్పు వచ్చును. బెండు పైపు వెలుపలి కొలతయు, సైలెన్సరు మూతి లోపలి కొలతయు సరిపోవలెను. వదులుగా నున్నచో రేకు ముక్క చుట్టి సరిపెట్టుట మన షెడ్లలో పరిపాటి; అది నెల తిరుగకుండ ఊడును. ఇంజను వద్ద కొత్త వాషరు వేసి, పైపును, సైలెన్సరును, పట్టీలను మొదట వదులుగా అమర్చవలెను. లాగకుండ, వంచకుండ అన్ని రంధ్రములు తమంత తాము కలసినప్పుడే ఇంజను వైపు నుండి వెనుకకు వరుసగా బిగింపవలెను. బలవంతముగా లాగి బిగించిన సైలెన్సరు గతుకుల బాటలో పట్టీ వద్దనే పగులును. తొందరపడు మెకానిక్కులు చేయు తప్పు చాలమట్టుకు ఇదియే.

కిక్ కడ్డీకి, స్టాండునకు, బ్రేకునకు అది తగులరాదు. జావాకు ఇరుప్రక్కల రెండు సైలెన్సర్లుండును. ఎడమవైపునకు కాళ్ళు వేసి కూర్చుండు స్త్రీల పాదములకును, చీర అంచునకును ఎడమ సైలెన్సరు దూరముగా నున్నదో లేదో మనిషిని కూర్చుండబెట్టియే చూడవలెను.

పిదప బండిని ఆరుబయట నడిపించి, అతుకులపై సబ్బునీరు చల్లినచో బుడగలు కారు చోటును చూపును. మూసిన కొట్టములో ఈ పరీక్ష చేయరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణము తీయును. ఇంజను చల్లారిన తరువాత నట్టులను మరల ఒకమారు బిగింపవలెను.

ఒక లీటరు పెట్రోలు కాలినచో సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుట్టునని చెప్పిన చాలమంది నమ్మరు. మన్యపు చలిలో దగ్గరి ఊళ్ళకు తిరుగు బండిలో ఆ నీరు సైలెన్సరులోనే నిలిచి, లోపలి నుండి తుప్పు పుట్టించును. అడుగున సన్నని రంధ్రమున్నచో అది ఆ నీరు కారుటకే. దానిని వెల్డింగు చేసి మూయరాదు. రెండు స్ట్రోకుల బండిలో మసి పేరుకొన్నచో ఇనుప లోపలి గొట్టమును తీసి కాస్టిక్ సోడా నీటిలో నానబెట్టుట కలదు. సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేయవలెను గాని సోడాపై నీరు పోయరాదు. చేతులను, కండ్లను కాపాడుకొనవలెను. ఆ నీటిని గెడ్డలో పారబోయరాదు. దిగువ ఊరివారు త్రాగునది ఆ నీరే.

చట్టము మాట. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 120వది ప్రతి బండికిని సైలెన్సరు ఉండవలెనని చెప్పుచున్నది. చప్పుడు, పొగల ప్రమాణములను మీరినవారికి 2019 సవరణ మేరకు మొదటి తప్పునకే మూడు మాసముల వరకు కారాగారము గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఆ చర్య పోలీసు, రవాణా శాఖలది. మరియొక సంగతి: 50 ఏండ్లు దాటిన బండ్లను పురాతన వాహనములుగా నమోదు చేయించుకొను నిబంధనలు 2021లో వచ్చినవి. అట్లు నమోదైన బండిని నిత్యపు రాకపోకలకు వాడరాదు. సంతకు బస్తాలు మోయు బండికి ఆ నమోదు కోరదలచినవారు ఉన్నచో, దరఖాస్తు పెట్టకముందే వారికి ఈ మాట చెప్పవలెను.