ఎన్నికల దినములలో క్రైస్తవ గృహము

ధ్యానభాగములు: 1 తిమోతి 5:8, ఎఫెసీ 4:26, ఆదికాండము 25:29-34



2021 ఫిబ్రవరి 9 మొదలు 21 వరకు మన రాష్ట్రమందు నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినవి. మార్చి 10న మన పటమటతో కూడ విజయవాడ నగరమంతయు ఓటు వేసెను.

పల్లెలలో పోలింగు జరిగిన దినముననే ఓట్లు లెక్కించిరి. అన్న యొక పక్షమున, తమ్ముడొక పక్షమున నిలిచిన యింటికి ఆ రాత్రియే పరీక్ష. కోపమును సూర్యాస్తమయము దాటనీయవద్దని పౌలు హెచ్చరించెను గదా! సర్పంచి పదవి అయిదేండ్లు. తోబుట్టువు జీవితకాలమంతయు తోబుట్టువే.

ఓటు రహస్యమైనది. భార్య ఓటును భర్త శాసింపరాదు. అది ఆమె మనస్సాక్షికి చెందినది. డబ్బు పుచ్చుకొని ఓటు వేయువాడు చిక్కుడుకాయల వంటకమునకు జ్యేష్ఠత్వమును అమ్ముకొనిన ఏశావు వంటివాడు.

మరియొక సంగతి. ఆ మార్చి 1 నుండియే అరువది యేండ్లు దాటినవారికి కరోనా టీకా వేయనారంభించిరి. ఓటు కొరకు ఊరి వృద్ధులను ఆటో ఎక్కించినవాడు, టీకా కొరకు తన తల్లిని ఎక్కించెనా? ఇంటివారిని విచారింపనివాని విశ్వాసమును పౌలు విశ్వాసముగా ఎంచలేదు.

గృహకూటములలో వీటిని ఆలోచించుడి:

1. ఎన్నికల నాటినుండి మనతో మాటలు లేని బంధువు ఎవరు? ముందుగా వారి గడప ఎవరు తొక్కుదురు?

2. మన యింటి పెద్దలకు బి.పి., చక్కెర పరీక్షలు చివరిసారి ఎప్పుడు చేయించితిమి?

జవాబు దొరికిన వెంటనే లేచి వెళ్లుడి. ప్రభువు మీ గృహములకు సమాధానము అనుగ్రహించును గాక. ఆమేన్.