కుక్కలయందు బద్దెపురుగు: ఆనవాళ్లు, నివారణము

మందకాచు కుక్క రైతునకు ఎంత మేలు చేయునో అందఱెఱుగుదురు. రాత్రివేళ తోడేలు రాకుండను, దొంగ చొరకుండను మందను కాపాడునది అదియే. కాని ఆ కుక్క ప్రేవులలో బద్దెపురుగు చేరెనేని కాపలా కాయు కుక్కయే మందకు చేటు తెచ్చును. ఒక్కొక్కప్పుడు ఇంటిలోని బిడ్డలకును చేటు తెచ్చును. కుక్క మాత్రము బలముగనే యుండి ఎప్పటివలె తిరుగుచుండును. అందుచేత ఈ వ్యాధి తఱచుగా రైతుల దృష్టికి రాదు. దీనిని గుర్తించు విధమును, అరికట్టు విధమును ఈ క్రింద వివరింపబడినవి.

పురుగు స్వరూపము

బద్దెపురుగు నాడావలె పలుచనై పొడవుగా నుండును. దాని తల మిక్కిలి చిన్నది. ఆ తలతో ప్రేవుగోడను పట్టుకొని యుండును. దానికి నోరుగాని కడుపుగాని లేదు. కుక్క తిన్న ఆహారపు సారమును ఒడలితోనే పీల్చుకొనును. తల వెనుకనుండి కణుపులు కణుపులుగా పెరుగును. చివరి కణుపులు గ్రుడ్లతో నిండి, తెగి, మలముతో బయటపడును. రైతునకు కనబడునవి ఈ తెగిన కణుపులే గాని పురుగంతయు గాదు.

కంటికి కనబడు ఆనవాళ్లు

1. కుక్క తోకక్రింద వెండ్రుకలకును, అది పండుకొను గోనెకును తెల్లని దోసగింజలవంటివి అంటుకొని యుండును. అప్పుడే పడినవి మెల్లగా కదలును. ఎండినవి పసుపువన్నె తిరిగి నువ్వులవలె గట్టిపడును. ఇది నిశ్చయమైన ఆనవాలు.

2. అప్పుడే విడిచిన మలముపై పలుచని తెల్లని ముక్కలు విడివిడిగానో, గొలుసువలె కలిసియో యుండును. ఇదియు నిశ్చయమైనదే. కణుపులు ప్రతిదినము పడవు గనుక ఒక్కనాడు చూచి లేవని తలపరాదు. కొన్ని దినములు వరుసగా చూడవలెను.

3. కుక్క పిఱ్ఱలను నేలకు రాచుచు ఈడ్చుకొనిపోవును. ఇది అనుమానమునకు మాత్రమే తావిచ్చును. మలద్వారము ప్రక్కనుండు గ్రంథులు నిండినప్పుడును కుక్క ఇట్లే చేయును.

4. వెండ్రుకలు కాంతి తప్పుట, తిన్నను ఒడలు పట్టకుండుట మొదలగునవి ఇతర వ్యాధులలోను కలవు. వీనిని మాత్రమే చూచి నిర్ణయింపరాదు.

దోసగింజలవంటి కణుపులు గల పురుగు, కుక్క వెండ్రుకలలో తిరుగుచు ఎగిరి దూకు చిన్న పురుగులవలన వచ్చును. ఇవి గోమార్లు గావు. కుక్క ఒడలు కొఱుకుకొనునప్పుడు వీనిని మ్రింగును. వీనిలోని బద్దెపురుగు పిల్ల ప్రేవులలో పెద్దదగును. కావున కుక్క ఒడలిని, పండుకొను చోటును శుభ్రపఱుపనిదే ఎన్ని మారులు మందిచ్చినను ఈ పురుగు మరల వచ్చును.

ఆనవాలు లేని పురుగు

అన్నిటికంటె అపాయకరమైన బద్దెపురుగు కంటికి కనబడదనియే చెప్పవచ్చును. దాని పొడవు సాధారణముగా 7 మిల్లీమీటర్లకు మించదు. ఒక కుక్కలో ఇవి వేలకొలది యున్నను కుక్కకు బాధ తోపదు. మలములో ఏమియు కానరాదు. దోసగింజలు కనబడుట వ్యాధికి ఆనవాలే. కనబడకుండుట మాత్రము ఆరోగ్యమునకు ఆనవాలు గాదు.

ఇట్టి పురుగు ఉన్నదని తెలిసికొనుటకు కుక్కను గాక కోసిన పశువును చూడవలెను. గొఱ్ఱె, మేక, ఎద్దు, గేదె వీని కారిజములోను ఊపిరితిత్తులలోను నీటితో నిండిన తెల్లని గట్టి తిత్తులు కనబడినచో, ఆ ప్రాంతపు కుక్కలలో ఈ పురుగు కలదని గ్రహింపవలెను. మేతతోగాని నీటితోగాని పురుగు గ్రుడ్లు పశువు కడుపులో చేరుటచే ఆ తిత్తులు పుట్టినవి. వానిని కుక్క తినినచో మరల పురుగు పుట్టును.

మఱియొక జాతి పురుగు గ్రుడ్లు గొఱ్ఱె మెదడులో తిత్తిని పుట్టించును. అట్టి గొఱ్ఱె తల ఒక ప్రక్కకు వంచి గుండ్రముగా తిరుగును, మందనుండి విడిపోవును, చూపు తగ్గును. ముఖ్యముగా చిన్నవయస్సు గొఱ్ఱెలలో ఇది కనబడును. దానిని కోసి తలను కుక్కకు వేయుట వ్యాధిని మరల విత్తుటయే.

మనుష్యులకు అపాయము

గొఱ్ఱెమాంసము తినుటచే ఈ నీటితిత్తులు మనుష్యులకు వచ్చునని కొందఱు తలతురు. అది నిజము గాదు. కుక్క మలములోని గ్రుడ్లు చేతులద్వారా, కడుగని కూరలద్వారా, నీటిద్వారా కడుపులో చేరుటచేతనే వచ్చును. కుక్కతో ఆడి చేతులు కడుగక తిను బిడ్డలకు భయము ఎక్కువ. తిత్తి కారిజములోనో ఊపిరితిత్తులలోనో ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. లోపల పగిలినచో ప్రాణాపాయము కలుగవచ్చును.

చేయవలసిన పనులు

1. పండుగలలోను జాతరలలోను పశువులను కోసినప్పుడు కారిజము, ఊపిరితిత్తులు, తల మొదలగువానిని పచ్చిగా కుక్కలకు వేయరాదు. అరగంటసేపు బాగుగా మరగించి వేయవచ్చును. లేనిచో కాల్చవలెను, లేదా కుక్క త్రవ్వి తీయలేనంత లోతున పాతిపెట్టవలెను. చచ్చిన గొఱ్ఱెను పొలము గట్టున విడువరాదు.

2. పశువైద్యుని సలహాపై ప్రాజిక్వాంటెల్ అను మందు నీయవలెను. కుక్క బరువు కిలోగ్రామునకు 5 మిల్లీగ్రాములు సాధారణపు మోతాదు. ఏలికపాములకిచ్చు మందులలో పెక్కు బద్దెపురుగును చంపవు. మందలోని కుక్కలన్నిటికిని ఒకే దినమున మందు వేయవలెను. పచ్చి కారిజము కుక్కలకు దొరకు తావులలో 6 వారముల కొకమారు ఈయవలసి యుండును.

3. మందు పురుగును చంపును గాని గ్రుడ్లను చంపదు. కావున మందిచ్చిన పిమ్మట 2, 3 దినములు కుక్కను కట్టివేసి, మలమును పోగుచేసి కాల్చవలెను లేదా పాతిపెట్టవలెను.

4. ఎరువునకై తన పొలములో పరుల మందను నిలిపించు రైతు, ఆ మందవెంట వచ్చు కుక్కలకు మందు వేసిరా లేదా యని ముందుగా విచారింపవలెను.

కుక్కను తఱిమివేయుట ఉపాయము గాదు. ఒక కుక్క పోయినచో మఱియొకటి వచ్చి, అదే చోట పారవేసిన కారిజమును తినును.

ఒక దేశపు దృష్టాంతము

గొఱ్ఱెల పెంపకమే జీవనముగా గల ఐస్‌లాండు ద్వీపములో పూర్వము ఈ నీటితిత్తుల వ్యాధి మిక్కుటముగా నుండెను. 1863లో డెన్మార్కు దేశపు పండితుడగు క్రాబ్బె అచట 100 కుక్కలను పరీక్షింపగా 28 కుక్కలలో ఆ కంటికానని పురుగు కనబడెను. 1864లో అతడు వ్రాసిన చిన్న పుస్తకము ఇంటింటికి పంచిపెట్టబడెను. పచ్చి అంగములను కుక్కలకు వేయుట ప్రజలు మానిరి. కుక్కలకు ఏటేట మందు వేయవలెనని 1890లో చట్టమును వచ్చెను. కొన్ని తరములలో ఆ వ్యాధి ఆ ద్వీపమునుండి తొలగిపోయెను. అచటి రైతులు కుక్కలను విడువలేదు. వానికి వేయు తిండిని మార్చి, మందు వేయించిరి. ఆ పని ఇచటి రైతులకును అసాధ్యము గాదు.